బండి తాళం బీరువాలో పెట్టండి: గోదావరి డెల్టా ఊళ్లలో ఇంటిల్లిపాదీ నడకకి మారే పద్ధతి

మా ఇంట్లో గుమ్మం పక్కన ఒక మేకు ఉంది. దానికి బండి తాళం వేలాడుతుండేది. కరివేపాకు అయిపోయిందంటే చెయ్యి ఆ మేకు మీదికే పోయేది. పాలకేంద్రానికీ తాళమే, సందు చివర కిళ్ళీకొట్టుకీ తాళమే. మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఈ చివర నించి ఆ చివరికి గట్టిగా నడిస్తే పావుగంట. అంత చిన్న ఊళ్లో ఉంటూ నాకు నలభై మూడేళ్లకే బీపీ బిళ్ళ మొదలైంది. అమ్మకి పన్నెండేళ్లుగా సుగరు. ఎనిమిదో తరగతి చదివే మావాడికి అప్పుడే కళ్లజోడు.

"రోజూ నడవండి" అన్నారు డాక్టరుగారు. మూడున్నర వేలు పోసి బూట్లు కొన్నాను. తొమ్మిది రోజులు తెల్లారుజామునే లేచి కాలువ గట్టు మీద నడిచాను. పదో రోజు వాన పట్టుకుంది. బూట్లు అటకెక్కాయి.

రెండోసారి దారి మార్చాను. నడకని వేరే పనిగా పెట్టుకోలేదు. ఎలాగూ చేసే పనుల్లో దూర్చేశాను. వ్యాయామం మానేస్తే అడిగేవాళ్లుండరు. పాలు తేవడం మానేస్తే సాయంత్రం కాఫీ ఉండదు. కాబట్టి కింద రాసిందంతా కొత్తగా వాకింగు మొదలెట్టడం గురించి కాదు, బండి మీద తిరిగే తిరుగుళ్లలో పొట్టివాటిని కాళ్లకి అప్పగించడం గురించి.

1. ముందు ఒక వారం లెక్క రాయండి

ఈ వారం ఏమీ మార్చొద్దు. వంటింటి క్యాలెండరులో పాల లెక్క రాసుకునే గళ్ళు ఉంటాయి కదా, బండి స్టార్టయిన ప్రతిసారీ ఆ గడిలో ఒక్క మాట రాయండి. ఇంట్లో ఎవరు తీసినా సరే.

మా క్యాలెండరులో ఒక మంగళవారం గడి ఇలా ఉంది: పాలు, బడి, పెరుగు, ఇస్త్రీ, బడి, పెరుగు. పెరుగు రెండుసార్లు ఎందుకంటే మొదటిసారి వెళ్లినవాణ్ణి కొట్టు దగ్గర ఎవరితోనో మాటల్లో పడి పెరుగు మరిచిపోయి వచ్చాను. నడిచి వెళ్లుంటే మరిచేవాణ్ణి కాదని మా ఆవిడ నమ్మకం. అదే నిజం కావచ్చు.

వారం మొత్తానికి 31 సార్లు బండి తీశాం. అందులో 19 సార్లు కిలోమీటరు లోపే. ఆ 19కీ రానూ పోనూ కలిపితే ఇంచుమించు 27 కిలోమీటర్లు తేలింది. మామూలు మనిషి కిలోమీటరు నడవడానికి 12 నిమిషాలు వేసుకోండి. అంటే 320 నిమిషాల పైచిలుకు. నేనూ మా ఆవిడా చెరిసగం పంచుకుంటే తలకి 160 నిమిషాలు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేం వెతుక్కుంటున్న వ్యాయామం అంతా ఆ పెరుగు, పాలు, ఇస్త్రీల్లోనే ఉంది. రోజూ దాని మీద పెట్రోలు పోస్తున్నాం, అంతే.

డబ్బు మిగులుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. 27 కిలోమీటర్లకి ముప్పావు లీటరు కూడా కాదు. నెలకి మూడొందలు మిగిలితే గొప్ప.

2. ఏవి నడవాలి, ఏవి వద్దు

లెక్క చేతికొచ్చాక మొత్తం ఒకేసారి మార్చేయకండి. ఆ పొరపాటు నేను చేశాను. మూడో రోజుకి పిక్కలు పట్టేసి, నాలుగో రోజు కసి తీరా బండి తీశాను. మొదటి రెండు వారాలకి ఐదు తిరుగుళ్లు చాలు. తర్వాత వారానికి రెండు మూడు చొప్పున కలుపుకోండి.

మొదటి ఐదిట్లోకి ఏవి రావాలంటే: కిలోమీటరు లోపు ఉండాలి, చేతి బరువు ఐదు కిలోలు దాటకూడదు, టైముకి అందుకోవాల్సిన బస్సో రైలో దాని వెనక ఉండకూడదు. పాలు, కూరలు, గుడి, ఇస్త్రీ బట్టలు, మందుల షాపు ఇలాంటివి. బియ్యం బస్తా, గ్యాసు బండ, సంత రోజు సామాను బండి మీదే తెచ్చుకోండి. వాటిని మోసి నడుం పట్టేయించుకుంటే మొత్తం పద్ధతికే చెడ్డపేరు. బరువుని రెండు సంచుల్లో సగం సగం వేసి రెండు చేతులా పట్టుకుంటే భుజం ఒక పక్కకి లాగదు.

గుడి సంగతి కొంచెం చెప్పాలి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుని, ఆ జనంలో ప్రదక్షిణలు చేసి అలుపు లేదనే వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లే ఊళ్లో రామాలయానికి బండెక్కుతారు. కనుమ రోజున అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట తీర్థానికి కోనసీమ కుర్రాళ్లు వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని చేలకడ్డంగా, కాలవలో దిగి మరీ మోసుకొస్తారు. మర్నాడు చూస్తే అదే కుర్రాడు టీ కొట్టుకి బండి మీద. కాళ్లలో బలం లేక కాదండి, తాళం దగ్గరగా ఉండి.

తాళం మాట వచ్చింది కాబట్టి: మేకు మీద నించి తీసి బీరువాలో పెట్టండి. బీరువా తెరిచి, వెతికి, మళ్లీ మూసేలోపు "పోన్లే, నడిచేద్దాం" అనిపిస్తుంది. మా ఇంట్లో అన్నిటికన్నా బాగా పనిచేసిన చిట్కా ఇదే. ఆ మేకుకి ఇప్పుడు గుడ్డ సంచి, గొడుగు వేలాడుతున్నాయి.

3. దారి చూసుకోవడం

మన డెల్టాలో ఏ ఊరికైనా నడవడానికి మూడు రకాల దారులుంటాయి: రోడ్డు, పుంత (చేల మధ్య మట్టిబాట), కాలువ గట్టు.

గట్టు అందరికీ ఇష్టం. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తి చేశాక ఈ కాలువలు నీళ్లకే కాదు, పడవలకీ దారులయ్యాయి. గాలి లేనప్పుడు పడవని మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. అంటే ఇవి మొదటి నించీ నడక దారులే. నీడ ఉంటుంది, లారీలుండవు, నేల మెత్తగా ఉండి మోకాళ్లకి హాయిగా ఉంటుంది.

అయితే కాలువకి కంచె ఉండదు. పిల్లలతో వెళ్లేటప్పుడు నీళ్ల వైపు పెద్దవాళ్లు, చేల వైపు పిల్లలు నడవాలి. ఇందులో మినహాయింపు లేదు. వానాకాలంలో గట్టు మీద ఒండ్రు జారుతుంది. చీకటి పడితే కట్లపాము, రక్తపింజరి తిరిగే చోటు అది. మునిమాపు దాటాక టార్చి లేకుండా గట్టెక్కకండి. కాలు నిండా మూసే చెప్పులో బూట్లో వేసుకోండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. మనిషిని కదలనివ్వకుండా ఏ బండి దొరికితే ఆ బండిలో, లేదా 108లో, ఆసుపత్రికి చేర్చండి. బీరువాలో తాళం తీయాల్సింది అలాంటప్పుడే.

రొయ్యల చెరువుల గట్లు వేరు. దగ్గరి దారి కదా అని వాటి మీద నించి పోకండి. ఏరేటర్లకి (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలకి) వెళ్లే కరెంటు వైర్లు గట్ల మీద పడి ఉంటాయి. కాపలా కుక్కలు సరేసరి. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా వేయించుకోవాలి. గాటు చిన్నదని ఊరుకోవద్దు.

రోడ్డు మీద తప్పదనుకుంటే కుడి పక్కన నడవండి. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన పోతాయి కాబట్టి కుడి పక్కన నడిస్తే ఎదురొచ్చేవి కళ్లకి కనిపిస్తాయి. నరసాపురం, అమలాపురం మీదుగా పోయే 216 హైవే పక్క ఊళ్ల వాళ్లకి మరీ ముఖ్యం. చేపల లారీ వెనక నించి వస్తే దాని గాలికే మనిషి తూలతాడు. హైవే దాటి వెళ్లాల్సిన పనైతే దాన్ని నడక జాబితాలో వేయకపోవడమే మేలు, ముఖ్యంగా పిల్లలుంటే.

ఒక ఆదివారం సాయంత్రం ఇంట్లో వాళ్లంతా కలిసి ఈ దారులు తిరిగి చూడండి. ఎక్కడ కుక్కలున్నాయి, ఎక్కడ వీధి దీపం వెలగదు, ఎక్కడ కూర్చోవడానికి అరుగుంది. మా అమ్మ దారి గుర్తులు చెబితే అన్నీ అరుగులే: "కరణం గారి అరుగు, తర్వాత పోస్టాఫీసు మెట్లు, తర్వాత వేపచెట్టు చప్టా." మోకాళ్ల నొప్పులున్న మనిషికి దూరమంటే కిలోమీటర్లు కాదు, ఒక అరుగు నించి ఇంకో అరుగు.

4. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు

పొద్దున్న ఏమీ కుదరకపోయినా దీన్ని మాత్రం వదలకండి. మనది మూడు పూటలా వరి మీద బతికే నేల. టిఫిను ఇడ్లీ అయినా అందులోనూ బియ్యమే. అన్నం తిన్న గంట, గంటన్నరలో రక్తంలో చక్కెర బాగా పైకెళ్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనం టీవీ ముందు కూర్చుంటాం.

కాళ్ల కండరాలు పనిలో పడితే ఆ చక్కెరని ఇన్సులిన్ కోసం కాచుకోకుండా కూడా లోపలికి లాక్కుంటాయి. అందుకే సుగరున్న వాళ్లకి తిన్న అరగంట లోపు మెల్లగా వేసే పది పదిహేను నిమిషాల అడుగులు, ఆ పూట చక్కెర తగ్గించడంలో పొద్దున్నే పరగడుపున చేసే పెద్ద నడకకి ఏమాత్రం తీసిపోవు. వేగం అక్కర్లేదు. వీధి చివరి దాకా వెళ్లి పెరుగు తోడుకి అరగ్లాసు మజ్జిగ అడిగి తెచ్చుకున్నా లెక్కే.

పగటి తిరుగుళ్లలో మాత్రం కొంచెం వేగం కావాలి. కొలత ఏమిటంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి. బీపీ ఉన్నవాళ్లు ఇలాంటి నడక వదలకుండా చేస్తే పై అంకె ఐదు నించి ఎనిమిది పాయింట్ల దాకా దిగొచ్చు. నాకు దిగింది. అయినా బిళ్ళ మానలేదు. అది తేల్చాల్సింది డాక్టరు, క్యాలెండరు కాదు.

కూర్చుని చేసే పనికీ గుండెకీ ఉన్న సంబంధం కొత్త సంగతేం కాదు. 1953లో జెర్రీ మారిస్ అనే డాక్టరు లండన్ రెండంతస్తుల బస్సుల వాళ్ల మీద చేసిన పరిశీలన వెలువరించాడు. బస్సు అదే, షిఫ్టు అదే. కూర్చుని తోలే డ్రైవర్లకన్నా, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువ కనిపించాయి.

పదివేల అడుగులు అనే అంకె కూడా డాక్టర్లు తేల్చింది కాదు. 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరుకే "పదివేల అడుగుల మీటరు" అని అర్థం. ఫోను అంత చూపించలేదని దిగులు పడొద్దు. లాభం అంతకన్నా చాలా ముందే మొదలవుతుంది.

బరువు విషయంలో ఉన్న మాట చెబుతాను. కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది యాభై కెలోరీలు, అటూ ఇటూగా. సంక్రాంతికి అరిసెలు, ఆత్రేయపురం పూతరేకులు కుమ్మేసి నడిచి కరిగిద్దామంటే రాజోలు దాకా పోవాలి. నాలుగు నెలల్లో నేను తగ్గింది రెండు కిలోలు, అదీ రాత్రి రెండో మారు అన్నం మానేశాక.

5. పెద్దవాళ్లతో

అమ్మని ఊరికే నడవమంటే నడవదు. "పని లేకుండా వీధిలో తిరగడమేంటిరా" అంటుంది. కూరలు తెమ్మంటే మాత్రం తయారు. బెండకాయ తుంచి చూడకుండా నేను తెచ్చేస్తానని ఆవిడకి ఎప్పట్నించో కోపం. ఇప్పుడు రోజు మార్చి రోజు కూరల కొట్టుకి ఆవిడే వెళ్తోంది, ఒక్కో అరుగు మీదా కాసేపు కూర్చుంటూ.

సుగరున్న పెద్దవాళ్లు చెప్పుల్లేకుండా నడవకూడదు. గుడి ఆవరణలో ఎండకి కాలిన రాయి సహా. పాదాల్లో తిమ్మిరి ఉంటే కాలిందీ తెలియదు, ముల్లు గుచ్చుకుందీ తెలియదు. రాత్రి పడుకునే ముందు పాదాల కింద చూడాలి. వంగలేకపోతే చిన్న అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు, లేదా మనవరాలు చూస్తుంది. మా ఇంట్లో ఆ డ్యూటీ మా చిన్నదానిది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి సుగరు బిళ్ళ గానీ వాడేవాళ్లు కొంగున పంచదార పొట్లం కట్టుకోవాలి. చెమట, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం మొదలైతే కూర్చుని మూడు చెంచాలు నోట్లో వేసుకోవాలి.

మోకాళ్లు అరిగినవాళ్లు నడిస్తే ఇంకా అరుగుతాయని మన దగ్గర గట్టి నమ్మకం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నడిచిన నొప్పి మర్నాటి పొద్దుటికి కూడా తగ్గకపోతే దూరం సగం చేయండి, మానకండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం వస్తే మాత్రం అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

6. పిల్లలూ, బడీ

ఐదేళ్ల నించి పదిహేడేళ్ల పిల్లలకి రోజుకి సగటున గంట కదలిక కావాలి. బడికి రానూ పోనూ నడిస్తే అందులో సగం అక్కడే తీరుతుంది. పగటి వెలుగులో ఆరుబయట గడిపే పిల్లలకి హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనపడటం) వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. మావాడికి ఆలస్యమైపోయింది. చిన్నదాని విషయంలో అయినా చూద్దామని.

సంచి బరువు ముందు సరిచేయండి. 2020 నాటి బడి సంచుల విధానం ప్రకారం అది పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. ముప్ఫై కిలోల పిల్లకి మూడు కిలోలు. మా చిన్నదాని సంచి కాటా వేస్తే ఐదున్నర. టైంటేబులు చూసి సర్దితే మూడుంపావుకి దిగింది. అందులో కిలో నీళ్ల సీసాదే.

పదేళ్ల లోపు పిల్లలు ఎదురొచ్చే బండి ఎంత వేగంతో వస్తోందో సరిగ్గా అంచనా కట్టలేరు. తెలివి తక్కువై కాదు, ఆ వయసుకి అది రాదు. వాళ్లని ఒంటరిగా పంపొద్దు. మా వీధిలో నలుగురు తల్లిదండ్రులం వంతులు వేసుకున్నాం. ఏడుగురు పిల్లలు, రోజుకొకరు పెద్ద. ఎనిమిదింబావుకి వేపచెట్టు దగ్గర బయల్దేరతారు, ఆలస్యమైనవాళ్ల కోసం రెండు నిమిషాలు ఆగుతారు. నా వంతు వారానికొకటో రెండో. నాలుగు బండ్లు ఇంట్లో ఉంటాయి, బడి గేటు ముందు తోపులాట ఆ మేరకి తగ్గింది. మావాడు బండి వెనక కూర్చుని ఎన్నడూ చెప్పని సంగతులు ఈ నడకలో చెబుతాడు. ఎవడు ఎవడితో పలకడం లేదో నాకిప్పుడు తెలుసు.

7. ఎండ, వాన, మంచు

ఏప్రిల్ నించి జూన్ సగం దాకా మన ఎండకి ఉక్క తోడవుతుంది. గాల్లో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే ఇక్కడి 38 డిగ్రీలు మెట్ట ఊళ్ల 38 కన్నా గట్టిగా తగులుతుంది. ఆ రెండున్నర నెలలూ పొద్దున్న ఏడు లోపు, సాయంత్రం ఆరు దాటాక. మధ్యాహ్నం పనికి మొహమాటం లేకుండా బండి తీయండి.

వానకి గొడుగుంటే చాలు, ముసురు రోజు వదిలేయండి. రోడ్డు మీద నించి నీళ్లు పారుతుంటే మోకాలి లోతైనా దిగొద్దు. కింద తూము కొట్టుకుపోయిందో లేదో పైకి కనపడదు. తెగిపడిన కరెంటు తీగల భయం సరేసరి.

డిసెంబరు, జనవరిల్లో మంచు. పాలకేంద్రానికి ఆరింటికి వెళ్తే పది గజాల్లో ఉన్న ట్రాక్టరు కనపడదు, దానికి మనమూ కనపడం. భుజాన తెల్ల తువ్వాలు, చేతిలో వెలిగే టార్చి ఉండాలి. లేదంటే ఎండ పొడిచాక వెళ్లండి.

8. "ఎక్కండి, దింపేస్తాను"

ఎండనీ వాననీ తట్టుకోవచ్చు గానీ గోదారి వాళ్ల మర్యాదని తట్టుకోవడం కష్టం. సంచి పట్టుకుని నడుస్తున్న మనిషి కనిపిస్తే బండి ఆపకుండా పోవడం మనకి చేతకాదు. మొదటి వారం నా పరిస్థితి ఇది:

"ఏవండోయ్, బండి రిపేరా?"

"లేదండి, నడుద్దామని."

"అదేం కర్మండి బాబూ, ఎక్కండి!"

వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఎక్కితే నడక పోతుంది. ఆరోగ్యం, పర్యావరణం లాంటి కారణాలు చెబితే నిలబెట్టి పావుగంట మాట్లాడతారు. ఎదురు చెప్పలేని జవాబు ఒకటే దొరికింది: "డాక్టరుగారు తిట్టారండి." ఆ మాటకి ఎవరైనా తలూపి గేరు మారుస్తారు. నెల తిరిగేసరికి అడగడం మానేశారు. మా వీధి బావగారొకాయన నెల పాటు లిఫ్టులిచ్చి, ఇప్పుడు సాయంత్రం ఆయనా కాలువ లాకుల దాకా నాతో నడిచి వస్తున్నారు. ఆయనకి సుగరున్న సంగతి ఇరవయ్యేళ్ల పరిచయంలో నాకప్పుడే తెలిసింది.

మా ఆవిడకి ఇంకో రకం. ఆడమనిషి నడిచి వెళ్తుంటే "ఇంట్లో ఏమైనా గొడవా" అని ఆరా. తోడుకి పక్కింటి పిన్నిగారిని కలుపుకున్నాక ఆ ఆరా ఆగింది. ఇద్దరి కొనుగోళ్లూ ఒకే నడకలో అవుతున్నాయి.

9. బండిని మరీ మరిచిపోకండి

ఇది ఎవరూ చెప్పరు. వాడకం తగ్గాక బండి బ్యాటరీ దిగిపోతుంది, ముఖ్యంగా కిక్కు లేని కొత్త బండ్లకి. వారానికి ఒక్కసారైనా పది పదిహేను కిలోమీటర్లు తిప్పండి. దూరం పనులన్నీ ఆ రోజుకి పెట్టుకోండి. టైర్లలో గాలి కూడా అప్పుడే చూపించుకోవచ్చు.

మా బండి సంక్రాంతికి ముందు మూడు వారాలు కదలలేదు. తీరా అత్తగారి ఊరు బయల్దేరబోతే బటను నొక్కితే టిక్కుమంది, అంతే. మెకానిక్ షెడ్డు మా ఇంటికి ఎనిమిది వందల మీటర్లు. పండగ బట్టల్లో బండిని తోసుకుంటూ వెళ్లాను. దారిలో ఇద్దరు ఆగి అడిగారు, "ఈసారి నిజంగా రిపేరేనా అండీ?" అని.